రెండో మెట్లదారి

"వేరే దారేం లేదా?" అని అడిగాడు జెర్మానో.

"లేదన్నా," అంది ఒదీలియా.

జెర్మానో పిండిముద్దని బల్ల మీదికి లాక్కుని అరచేతి మొదలుతో నొక్కాడు. మడిచాడు. మళ్ళీ నొక్కాడు. మోచేతుల దాకా తెల్లగా పిండి. గోడలోకి కట్టిన ఇటుక పొయ్యి మధ్యాహ్నానికి చల్లబడుతోంది గానీ, దాని ముందు నిలబడితే మొహానికి ఇంకా సెగ తగులుతూనే ఉంది. ఒదీలియా చంకలో చుట్టిన నక్షా ఉంది. దాన్ని విప్పమని అతను అడగలేదు.

"కొత్త బడిలో పైన రెండంతస్తుల్లోనూ చిన్నపిల్లల తరగతులే," అందామె, అడగకపోయినా. "ఏదైనా అంటుకుంటే దిగి వీధిలో పడటానికి రెండు మెట్లదారులుండాలి. ఒకటి ముందు గుమ్మం వైపుంది. రెండోది ఈ మూలకే వస్తుంది."

"ఈ మూలకంటే, పొయ్యి ఉన్నచోటికా?"

"అవును."

"ఊఁ." జెర్మానో పిండిని తిప్పి వేశాడు. "చర్చి హాల్లో అందరి ముందూ నువ్వేగా చెప్పావు, బేకరీ ఎక్కడికీ పోదని?"

ఎత్తిపొడుపేం లేదు ఆ గొంతులో. నిన్న వాన పడిందిగా అన్నట్టుగా అన్నాడు. అదే ఆమెని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"అప్పుడు అలాగే అనుకున్నామన్నా."

అతను అటు తిరిగి భుజంలోకి దగ్గాడు. తడిగుడ్డ తీసుకుని పిండిముద్ద మీద కప్పాడు, పసిపిల్లకి దుప్పటి సర్దినట్టు అంచులన్నీ లోపలికి నొక్కుతూ. "అమ్మకి నేను చెప్తాను. నువ్వు నోరెత్తకు," అన్నాడు.

ముందుగదిలో గల్లా దగ్గర ఎత్తు కుర్చీలో ఇదలీనా కూర్చుని ఉంది. జెర్మానో తల్లి. భర్త పోయిన దగ్గర్నుంచీ నల్లబట్టలే. ఎనభై ఏడేళ్ళు వచ్చినా కాగితం సంచిని ఒక్క విదిలింపుతో నోరు తెరిపిస్తుంది.

"ఏమే పిల్లా, నీ బడి ఎంతవరకొచ్చింది?"

"అవుతోంది పెద్దమ్మా."

"మా రొట్టెల వాసనకి పిల్లకాయలు లెక్కలు తప్పుతారు, చూసుకో. తర్వాత నన్నంటే ఊరుకోను." వెనకనుంచి ఒక గుండ్రటి తీపిరొట్టె తీసి సంచిలో వేసింది. "మీ అమ్మకియ్యి. షుగరని తిననంటే, ఇదలీనా తినమంది అని చెప్పు. పర్సు తీశావంటే చెయ్యి విరగ్గొడతా."

ఒదీలియా రొట్టె పట్టుకుని బయటికొచ్చింది. సంచి అడుగు వెచ్చగా ఉంది. వీధి దాటి కారు దాకా వెళ్ళి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు తలుపు తెరిచి నిలబడింది.

*

ఫాల్ రివర్ ఊళ్ళో ఆ భవనం తెలియనివాళ్ళుండరు. ఒకప్పుడు కొత్తగా పెళ్ళయినవాళ్ళు మంచాలూ బీరువాలూ కొనుక్కున్న మూడంతస్తుల ఫర్నిచర్ కొట్టు. పక్కకి అతికించినట్టుగా ఒక్క అంతస్తుది బేకరీ, ఆ భవనంలో భాగమే, అద్దెకి నడుస్తోంది. కొట్టు మూతపడి చాలాకాలం పావురాలకి మిగిలింది. ఇప్పుడు బడి అవుతోంది. నక్షాలు గీసిన ఆఫీసు తరఫున పని చూసుకునే ఆర్కిటెక్టు ఒదీలియా. నాలుగు వీధుల అవతల పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి, జనంతో మాట్లాడాల్సినవన్నీ ఆమెకే వదిలేశారు.

మర్నాడు పొద్దున్న రెండో అంతస్తులో కప్పుకి కొట్టిన రేకు పలకలు విప్పుతున్నారు. పూలూ లతలూ అచ్చొత్తిన పాత రేకు. ఒక్కొక్క మేకూ చప్పుడు చేస్తూ ఊడుతుంటే, వందేళ్ళ నాటి దుమ్ము ముసుగులేసుకున్న పనివాళ్ళ నెత్తిమీద రాలుతోంది. పాత రంగులో సీసం ఉంటుందని గది గదికీ ప్లాస్టిక్ తెరలు కట్టారు. ఒదీలియా తెర పక్కకి తొలగించుకుని ఉత్తరం వైపు గదిలోకి వెళ్ళింది.

గ్రంథాలయం కాబోతున్న గది అది. గోడ పొడవునా ఆరు పొడుగాటి కిటికీలు. ఒకప్పుడు సోఫాలని వీధిలోంచి చూపించడానికి పెట్టినవి. ఒక్కో కిటికీ కింద ఒక్కో అరుగు, పిల్లలు కాళ్ళు ముడుచుకుని కూర్చుని చదువుకోవడానికి. ఇదంతా ఆమె ఊహే. ఆ బొమ్మ ఊరి పత్రికలో వచ్చినప్పుడు వాళ్ళమ్మ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది.

గది చివర, చెక్కలు కొట్టి మూసేసిన సామాన్ల లిఫ్టు గుంట ఉంది. బీరువాలు ఎక్కించీ దించీ చేసిన లిఫ్టు. పై అంతస్తు నుంచి కింద సందు దాకా నిలువునా ఖాళీ.

"రేయాల్, ఈ చివర పట్టుకో," అంది మేస్త్రీతో, టేపు లాగుతూ.

రేయాల్ పట్టుకున్నాడు. "ఇది కప్పేస్తున్నాం కదమ్మా, కొలవడమెందుకు?"

"ఊరికే."

"ఊరికే కొలిచే ఆర్కిటెక్టుని ఇప్పుడే చూస్తున్నా. మొన్న మా ఆవిడా ఇలాగే ఊరికే అని వంటగది కొలిచింది. ఇప్పుడు నాకు ఇంట్లో కూర్చోడానికి చోటు లేదు."

ఒదీలియా నవ్వలేకపోయింది. కొలత ఎంత వస్తుందో ఆమెకి ముందే తెలుసు. గుంట ఒక్కటే అయితే చాలదు. ఈ గదిలోంచే మూడు కిటికీల మేర కలుపుకుంటే మెట్లు హాయిగా పడతాయి. కింద సందులోకి తలుపు, సందులోంచి వీధిలోకి దారి. నిబంధనకి అన్నీ సరిపోతాయి. బేకరీ గోడని ముట్టుకోనక్కరలేదు.

ఈ సంగతి ఆమెకి నెలక్రితమే తట్టింది, తనిఖీ అధికారి రెండో దారి గురించి అడిగిన సాయంత్రమే. తట్టిన వెంటనే ఆరు కిటికీల్లో మూడు పోతాయని కూడా తట్టింది. ఆఫీసులో పెద్దాయన "ఇంకేమన్నా మార్గముందా?" అని అడిగినప్పుడు ఆమె నక్షా మీదికి వంగి పెన్సిల్ గీత ఒకటి చెరుపుతూ, "బేకరీ మూలే సరైన చోటు," అంది. అబద్ధం కాదు అది. సరైన చోటే. ఒకే చోటు కాదు, అంతే.

నిన్న జెర్మానో అడిగింది మాత్రం సరైన చోటు ఏదని కాదు.

"చెయ్యి లాగేస్తోందమ్మా, వదిలెయ్యనా?" అన్నాడు రేయాల్.

"వదిలెయ్యి."

టేపు సర్రున లోపలికి పోయింది.

*

శుక్రవారం బేకరీలో గల్లా దగ్గర ఇదలీనా లేదు. ఎత్తు కుర్చీ ఖాళీగా ఉంది. జెర్మానో పిండి చేతులతోనే వచ్చి రొట్టెలు సంచిలో వేసి ఇస్తున్నాడు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు గుసగుసలాడుతూ, ఒదీలియా లోపలికి రాగానే మానేశారు. ఆమె చిన్నప్పట్నుంచీ ఎరిగిన లుద్రోవీనా ఒక్కతే సంచి గుండెకి హత్తుకుని, "ఇంక సూపర్‌మార్కెట్ రొట్టే గతి," అని గాలితో చెప్పి వెళ్ళిపోయింది.

"చెప్పావా అన్నా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు." జెర్మానో చేతులు ఏప్రన్‌కి తుడుచుకున్నాడు. "లేచి ఇంటికెళ్ళింది. నిన్నట్నుంచి రాలేదు."

ఆ రాత్రి భోజనం దగ్గర ఒదీలియా తల్లి సూప్ వడ్డిస్తూ చెప్పింది. "ఇదలీనా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టట్లేదట. కిటికీ దగ్గర కూర్చుని కొడుకు వైపు చూడటం మానేసిందట. ఈ ఒక్క పొయ్యిని నిలబెట్టుకోలేకపోయావా, ఒక్క మాటైనా ఎదురు చెప్పలేకపోయావా అని అడిగిందట. అంతే, మళ్ళీ మాట్లాడలేదు."

"జెర్మానోది తప్పేముందమ్మా?"

"నాకు తెలుసు, నీకు తెలుసు. కన్నతల్లి మనసుకి తెలియాలిగా." తల్లి గరిటె గిన్నెలో పెట్టి కూతురి మొహంలోకి చూసింది. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే. పిల్లల ప్రాణాల సంగతి. నిబంధన ఎవరి కోసం ఆగుతుంది?"

కూరాకు సూప్‌లో సాసేజి ముక్కలు తేలుతున్నాయి. ఒదీలియా వాటిని చెంచాతో ఒక పక్కకి నెట్టి, మళ్ళీ మధ్యకి లాక్కుంది. తల్లి అంత తేలిగ్గా తనని వెనకేసుకురావడం భరించలేకపోయింది.

శనివారం, ఆదివారం బల్ల ముందునుంచి లేవలేదు. లిఫ్టు గుంటలో మెట్లు గీసింది. మలుపులు గీసింది, కింద సందులోకి తెరుచుకునే తలుపు గీసింది. గ్రంథాలయం గోడని లోపలికి జరిపింది. ఒక్కో కిటికీని చెరుపుతుంటే రబ్బరు పొడి కాగితం మీద పోగయింది. మూడోది చెరిపాక ఆగి చూసింది. మిగిలిన గది ఇరుగ్గానే ఉంది. కానీ గదే. పిల్లలు కూర్చోవచ్చు, చదువుకోవచ్చు. ఎవరూ చచ్చిపోరు.

*

బడి ప్రధానోపాధ్యాయురాలు కరోల్, పక్క వీధిలో అద్దెకి తీసుకున్న గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని పనిచేస్తోంది. కొత్త నక్షాని పెట్టెల మీదే పరిచి చూసింది.

"నా కిటికీలు మింగేశావేంటి?"

"మూడే."

"మూడే అంటే సగం, ఒదీలియా." కళ్ళద్దాలు నెత్తికెక్కించి ఇంకాసేపు చూసింది. "దీంతో బేకరీ నిలబడుతుందా?"

"నిలబడుతుంది. పని మూడు వారాలు వెనకబడుతుంది. ఆఫీసులో నేను చెప్పుకుంటాను."

కరోల్ నిట్టూర్చింది. "నేనీ ఊరికి కొత్త. బడి తెరవకముందే ఒక ముసలావిడ చేత అన్నం మాన్పించిన దాన్నని పేరొస్తుందేమోనని శుక్రవారం నుంచీ నాకూ నిద్రలేదు. కానియ్యి. పిల్లలకి దిగడానికి రెండు దార్లుంటే చాలు." నక్షా చుట్టి ఇస్తూ అంది, "ఇంత పని ఆదివారం కూడా కూర్చుని చేశావంటే నువ్వు నిజంగా మంచిదానివి."

ఒదీలియా నక్షా అందుకుని లేచింది.

దాదాపు పరుగెత్తినట్టే బేకరీకి వెళ్ళింది. అమ్మకం అయిపోయి ముందుతలుపు వేసేశారు. పక్క సందులోంచి లోపలికి వెళ్తే జెర్మానో రేకు పళ్ళాలు గీకి కడుగుతున్నాడు. నీళ్ళ చప్పుడులో ఆమె రావడం వినపడలేదు.

"అన్నా, వేరే దారి ఉంది."

అతను కుళాయి కట్టేశాడు.

"మెట్లు అటు చివర, లిఫ్టు గుంటలో పెట్టొచ్చు. గీశాను. కరోల్ ఒప్పుకుంది. నీ పొయ్యిని ఎవరూ ముట్టుకోరు." నక్షా పట్టుకున్న చెయ్యి ముందుకి చాచింది. అతను తీసుకోలేదు. "ఇంకో సంగతి చెప్పాలి. నాకిది ముందే తెలుసు. బుధవారం నువ్వడిగినప్పుడూ తెలుసు. నా గ్రంథాలయం కిటికీలు పోతాయని లేదన్నాను. నీకు అబద్ధం చెప్పాను."

చెప్పేసింది. గుండె మీంచి ఏదో దిగుతుందనుకుంది. అతను తిడతాడని, తిట్టినా ఫరవాలేదని దారిపొడవునా అనుకుంటూ వచ్చింది. జెర్మానో తడిచేతులు వేలాడేసుకుని అలాగే నిలబడ్డాడు. కింద పడుతున్న నీటిచుక్కల్ని చూశాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"కొత్త నక్షా సంగతి కరోల్‌కి తెలుసు. నా అబద్ధం సంగతి ఎవరికీ తెలియదు."

"అమ్మకి?"

"లేదు. ముందు నీకే చెప్పాలని వచ్చాను. ఇప్పుడే వెళ్ళి చెప్తాను, కనీసం అన్నం తింటుంది..."

"కూర్చో," అన్నాడు జెర్మానో.

పిండిబస్తాల మీద కూర్చుంది. అతను ఎదురుగా తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చోబోయి, దగ్గు తెరలుగా వచ్చి ఆగిపోయాడు. బల్ల అంచు పట్టుకుని వంగి దగ్గాడు. దగ్గాక కూర్చుని, ఊపిరి అందేదాకా చెయ్యెత్తి ఆగమన్నట్టు పట్టుకున్నాడు.

"ఇదీ సంగతి. పిండి. ఊపిరితిత్తుల్లో పేరుకుందంటాడు డాక్టరు. మానెయ్యమని రెండేళ్ళ కిందటే చెప్పాడు. అమ్మకి జలుబని చెప్తాను."

"నాకు తెలియదన్నా."

"ఎవరికీ తెలియదు. దగ్గు సంగతి పక్కన పెట్టు. అది లేకపోయినా..." అతను పొయ్యి వైపు చూశాడు. "మా నాన్న పోయిన రోజు అమ్మ ఏడవలేదు. శ్మశానం నుంచి వచ్చి, లేచి, తనే కట్టెలు పేర్చి పొయ్యి వెలిగించింది. వెలిగించి నా వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ చూపుకి ఇన్నేళ్ళూ రొట్టెలు చేశాను. నాకు రొట్టెలంటే ఇష్టమని అందరూ అనుకుంటారు. నువ్వూ అనుకున్నావుగా?"

ఒదీలియా తల ఊపింది.

"నువ్వు లేదన్న రోజు, నువ్వటు వెళ్ళగానే ఇదిగో ఈ మూల కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనమ్మా. ఎవరో పైనుంచి కిందికి చూసి, జెర్మానో, ఇంక చాలు అన్నట్టనిపించింది. నేను వద్దన్నది కాదు, నేను వదిలేసింది కాదు. పిల్లల ప్రాణాల కోసం పోయింది. దానికి ఎవరేం అంటారు?" అతని గొంతు లేచింది. "ఇప్పుడొచ్చి దారి ఉంది అంటున్నావు! నిజం చెప్పేసి నువ్వు తేలికపడి ఇంటికి పోతావు. నేనేం కావాలి? మళ్ళీ పొయ్యి రాజేసుకుని ఆవిడ పోయేదాకా, లేకపోతే నేను పోయేదాకా..."

"అరవై దాటినవాడివి. మానేస్తున్నానని ఆవిడకి నువ్వే చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు. అనడం ఎంతసేపు." అతను తడిచేతుల్ని మోకాళ్ళకి తుడుచుకున్నాడు. "నోరు తెరిచిన ప్రతిసారీ జలుబనే వస్తుంది."

వీధిలో ఎవరో మూసిన తలుపు కొట్టి, పలకకపోయేసరికి వెళ్ళిపోయారు.

"ఆ కాగితం తీసుకుపో," అన్నాడు జెర్మానో చివరికి, గొంతు తగ్గించి. "ఇంకో ఉపకారం కూడా చెయ్యాలి. నేను ఎదురు చెప్పలేక తలవంచానని అమ్మ నమ్మకం. నా మాట నమ్మట్లేదు. నిన్న మళ్ళీ నోరు తెరిచి, ఆ పిల్ల వచ్చి నా ముందు చెప్పాలి అంది. వచ్చి చెప్పు."

"ఏమని?"

"నాకు చెప్పినట్టే."

*

మర్నాడు ముందు కరోల్ దగ్గరికి వెళ్ళింది. బేకరీ ఆయనే మానుకుంటానంటున్నాడనీ, పాత నక్షా ప్రకారమే పోవచ్చనీ, ఈ సంగతి బయట అనొద్దనీ చెప్పింది. కరోల్ నిజంగా సంతోషించింది. "అయితే నా ఆరు కిటికీలూ నాకొచ్చినట్టేనా?" అంది. వచ్చినట్టే. ఒదీలియా కోరుకున్నదేదీ పోలేదు. ఒక్క గీత కూడా మార్చనక్కరలేదు.

సాయంత్రం జెర్మానోతో కలిసి వాళ్ళింటి మెట్లెక్కింది. మూడంతస్తుల చెక్కింట్లో నడిమి వాటా. వంటగదిలో కిటికీ పక్కన ఇదలీనా కూర్చుని ఉంది. ముందున్న బల్ల మీద లేసుగుడ్డ, దాని మీద మూతపెట్టిన సూప్ గిన్నె. మూత తీసినట్టు లేదు. ఐదారు రోజుల్లోనే బుగ్గలు లోపలికి పోయాయి.

"కూర్చోమననులే," అంది ఇదలీనా. "నిలబడే చెప్పు."

ఒదీలియా నిలబడింది. జెర్మానో తలుపు దగ్గరే ఆగిపోయాడు, టోపీ చేతుల్లో నలుపుతూ.

"నీకు పాలపళ్ళు ఊడినప్పుడు రొట్టె మెత్తటిది ఏరి ఇచ్చినదాన్ని. నాతో అబద్ధమాడవు. నా కళ్ళల్లోకి చూసి చెప్పు. వీడు గట్టిగా నిలబడి అడిగితే ఆ పొయ్యి దక్కేదా?"

"లేదు పెద్దమ్మా."

"వీడు అడిగాడా అసలు?"

"అడిగాడు. వేరే దారి లేదా అని అడిగాడు."

"ఉందా?"

ఆ ముసలి కళ్ళు ఆమె మొహం మీదనుంచి కదల్లేదు. పోయిన బుధవారం ఇదే మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఒదీలియాకి గుర్తొచ్చింది. తలుపు దగ్గర టోపీ నలగడం ఆగింది.

"లేదు," అంది. "ఏ దారీ లేదు. ఎవరు అడిగినా ఉండేది కాదు."

ఇదలీనా ఇంకాస్సేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి చెయ్యి చాపింది. జెర్మానో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె అతని చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, గోళ్ళ సందుల్లో ఎండిన పిండిని తన బొటనవేలి గోటితో గీకి తీయసాగింది.

"చిక్కిపోయావురా," అంది. "ఆ దగ్గేమిటి? ఎన్నాళ్ళు జలుబంటావు? ఇంక పొద్దెక్కేదాకా పడుకో. ఎవరూ లేపరు."

జెర్మానో తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. తల్లి రెండో చేత్తో గిన్నె మీద మూత తీసి, చల్లారిన సూప్‌లో చెంచా వేసింది.

ఒదీలియా మెల్లిగా వెనక్కి జరిగింది. గడప దాటబోతుంటే ఇదలీనా తలెత్తకుండానే పిలిచింది.

"ఏమే. నిబంధన నువ్వు పెట్టింది కాదు, నాకు తెలుసు. కానీ దాన్ని మోసుకొచ్చింది నువ్వు. మా గుమ్మం ఇంక తొక్కకు."

"అలాగే పెద్దమ్మా."

"పెద్దమ్మా అని పిలవకు."

ఒదీలియా మెట్లు దిగింది. పైన చెంచా గిన్నెకి తగులుతున్న చప్పుడు కింది మలుపు దాకా వినిపించింది.

*

ఆదివారం పూజకి ఆమె ఆలస్యంగా వెళ్ళింది. ఖాళీ ఉన్నది ఒక్క వరసే. కూర్చున్నాక గానీ చూసుకోలేదు, ముందు వరసలో ఇదలీనా, ఆమె పక్కన జెర్మానో. అతను గడ్డం గీసుకుని చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. మెడ వెనక ఎప్పుడూ ఉండే తెల్లటి పొడి లేదు.

శాంతి పలుకుకోమని ఫాదర్ చెప్పగానే అందరూ లేచి ఇటూ అటూ తిరిగి చేతులు కలుపుకున్నారు. ఇదలీనా వెనక్కి తిరిగింది. ఒదీలియా చెయ్యి అప్పటికే ముందుకి వెళ్ళింది. ముసలావిడ ఆ చేతిని చూసి, మనిషిని చూసి, తొందరేమీ లేకుండా ముందుకి తిరిగిపోయింది. అప్పుడు జెర్మానో తిరిగాడు. తల్లి పక్కనుంచి కంటికొసతో గమనిస్తోంది. అది ఇద్దరికీ తెలుసు. అతని కళ్ళు ఒదీలియా కళ్ళతో ఒక్క క్షణం కలిశాయి. అతను కూడా చెయ్యివ్వకుండా ముందుకి తిరిగి, తల్లి కోటు భుజం మీద సర్దాడు.

ఒదీలియా చెయ్యి గాలిలో ఉండిపోయింది. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషెవరో దాన్ని అందుకుని, రెండు చేతులతో పట్టుకుని ఊపి, "శాంతి కలుగుగాక," అన్నాడు.

"మీకూ," అందామె.